చదవకుండా దాచిన సందేశం

"నలభై ఒక్క వేలు," అంది యనీనా, నా కుర్చీ వెనకనుంచి కంప్యూటర్లోకి తొంగిచూస్తూ. "దోన్యా ఒతీలియా, మీరు ఈ కుర్చీలో కూర్చున్నాక ఒక్క ఈమెయిలైనా తీసేశారా?"

"ఎందుకు తియ్యాలి? నీకేమైనా బరువయ్యాయా?"

"నాకు కాదమ్మా, పెట్టెకి బరువయ్యాయి. ఇన్‌బాక్స్ నిండిపోయింది. సోమవారం నుంచి మనకి ఎవరేం పంపినా లోపలికి రాకుండా తిరిగి వాళ్ళకే పోతోంది."

సోమవారం నుంచి! ఆ రోజు బుధవారం. సందేశాలు పల్చబడ్డాయేమిటా అనుకుంటూనే ఉన్నాను. చలికి జనం బద్ధకిస్తున్నారులే అని సరిపెట్టుకున్నాను. నా బుద్ధి తగలెయ్య.

అగ్వాదా ఫ్రియా రేడియోలో ముప్పై రెండేళ్ళుగా మధ్యాహ్నం పన్నెండుకీ, సాయంత్రం ఏడుకీ సందేశాలు చదివేది నేనే. మా ఊరు దాటితే ఫోన్ పలకదు. నలభై కిలోమీటర్లకో గొర్రెల మకాం, మకాంకో మనిషి, ఆ మనిషికో కుక్క, ఒక బ్యాటరీ రేడియో. పట్నంలో వాళ్ళవాళ్ళు ఎవరైనా పోయినా, పుట్టినా, లారీలో పిండి బస్తా పంపినా మాకు రాస్తారు, నేను చదువుతాను. ఒక్కో సందేశం రెండుసార్లు. మధ్యాహ్నం గొర్రెల వెనక తిరుగుతున్నవాడికి సాయంత్రమైనా అందాలని ఆ రూలు. రేడియో పేరు చెప్పిందంటే మనిషి గుర్రమెక్కుతాడు. చెప్పలేదంటే తనకేమీ లేదని అర్థం. ఆ మైదానంలో అందరూ ఆ నమ్మకం మీదే బతుకుతారు.

"శుక్రవారానికల్లా ఖాళీ చెయ్యాలి," అంది యనీనా. మున్సిపాలిటీ వాళ్ళు ఆమెని మా మీద మేనేజర్‌గా వేసి నాలుగు నెలలైంది. చెడ్డది కాదు గానీ తను కూర్చోదు, ఎదుటివాళ్ళని కూర్చోనివ్వదు. "ముందు చెత్త తియ్యండి. షాపుల ఆఫర్లు. పేరు కొట్టి వెతికితే అన్నీ ఒక్కచోటికొస్తాయి, గంపగుత్తగా తీసెయ్యొచ్చు. ఇకముందు పంపొద్దని కూడా చెప్పండి, కింద బటన్ ఉంటుంది. తర్వాత ఫోటోలు, వీడియోలు, అవే బరువంతా. ముఖ్యమైనవి మాత్రం వేరే ఫోల్డర్లో పెట్టుకుంటే మిగతాది ఊడ్చి పారెయ్యడమే."

"ఏది ముఖ్యమో ఎవరు చెప్తారు?"

"మీరే చెప్పాలి. చదివింది మీరేగా."

కాగితాల రోజుల్లో ఈ గొడవ లేదు. చదివిన చీటీ మేకుకి గుచ్చేదాన్ని. నెలాఖరుకి మేకు ఖాళీ చేసి పొయ్యిలో వేస్తే కెటిల్ కాగేది, ఆ నీళ్ళలో మాతే ఆకు వేసుకుని టీలా తాగేదాన్ని. ఈ కంప్యూటర్ వచ్చాక తీసెయ్యాలని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

బుధవారమంతా చెత్తతోనే సరిపోయింది. బూట్ల షాపువాడు ఆరు వేలకి పైగా పంపాడు. వాడి దగ్గర నేను ఒక్క జోడు కొన్న పాపాన పోలేదు. మందుల షాపువాడు నాకు లేని రోగాలన్నిటికీ తగ్గింపు ధరలు రాశాడు. ఇంకొకాయన తన పొట్టేలుకి బహుమతి వచ్చిందని పద్నాలుగు ఫోటోలు పంపాడు, రేడియోలో చూపించమని. ఆయన అమాయకత్వానికి నవ్వుకుని, పొట్టేలుకి దణ్ణం పెట్టి తీసేశాను. సాయంత్రానికి పెట్టె ఊపిరి పీల్చుకుంది. ఏడింటికి కొత్త సందేశాలు మూడు వచ్చాయి కూడా.

గురువారం అసలువాటి మీద పడ్డాం. 'గాల్వాన్ కుటుంబానికి. అమ్మ ఆపరేషన్ బాగా జరిగింది. ఏడవొద్దు. ఎర్రావుని కట్టెయ్యండి.' 'రమోనాకి. ఆ విషయం సరేనన్నారు.' ఆ విషయమేమిటో రమోనా మొగుడికి తప్ప మైదానమంతటికీ తెలుసు. చదువుతూ కూర్చుంటే గంటలు గడిచిపోయాయి, సంఖ్య మాత్రం తగ్గలేదు.

"ఇవన్నీ అందినవాళ్ళకి అందాయి కదమ్మా," అంది యనీనా. "ఆవిడ కుట్లు కూడా ఎండిపోయుంటాయి. ఇంకా మీకెందుకు?"

నాకెందుకా? నాకు వేరేవి లేవు గనక. ముప్పై రెండేళ్ళలో నా పేరు మీద ఒక్క సందేశం రాలేదు. ఈ చుట్టుపక్కల ఎవరు పుట్టినా, ఎవరు పోయినా నా నోటి మీదుగా వెళ్ళాల్సిందే. ఏడున్నరకి తాళం వేసి ఇంటికెళ్ళి నిన్నటి సూపు వేడి చేసుకుంటే, ఉప్పు సరిపోయిందా అని అడిగే దిక్కు లేదు. ఒంటరితనం అంటే అదే, పెద్ద కథేం కాదు. యనీనాతో ఇవన్నీ చెప్పలేదు. "సరే, తీసెయ్" అన్నాను.

కాసేపటికి ఆమె వేలు తెర మీద ఆగింది. "ఇదేమిటి? ఇన్ని వేలల్లో దీనికొక్కదానికే నక్షత్రం గుర్తు పెట్టారు?"

నేను చటుక్కున ఆ పేజీ మూసేశాను. "అది నా సొంతం."

"రేడియో పెట్టెలో సొంతమేమిటి?"

"చెప్పానుగా తల్లీ, వెళ్ళి నీ పని చూసుకో."

ఆమె నావైపు అదోలా చూసి వెళ్ళిపోయింది.

ఆ నక్షత్రం పెట్టి తొమ్మిదేళ్ళయింది. మార్చి నెల, మంగళవారం పొద్దున వచ్చింది. 'ట్రెస్ పియెద్రాస్ మకాంలోని దోన్ ఫెర్మిన్‌కి. గురువారం పదకొండింటి బస్సులో వస్తున్నాను. రోడ్డు గేటు దగ్గర ఉండండి. ఇంకో గుర్రాన్ని కూడా తీసుకురండి.' తర్వాత ఇంకొక్క వాక్యం. దాని కింద పేరు, నెలిదా. ఆ వాక్యం ఇప్పుడు చెప్పను. నాకు నోరు రావట్లేదు.

ఫెర్మిన్ ఏడాదికి రెండుసార్లు ఊళ్ళోకొచ్చేవాడు. వచ్చినప్పుడల్లా పిండి సంచి గుడ్డలో గొర్రె జబ్బ చుట్టి రేడియోకి తెచ్చేవాడు. నేను మాతే కలిపి ఇస్తే, ఆ మూలనున్న కుర్చీలో కూర్చుని గంటసేపు తన కుక్క గురించి చెప్పేవాడు. ఒకసారి వెళ్తూ వెళ్తూ, "మీ గొంతు వినబడితేనే నాకు మధ్యాహ్నమైనట్టు" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని నేను నాలుగేళ్ళు బతికాను. ఆయన వచ్చే నెల దగ్గరపడితే జుట్టుకి రంగు వేసుకునేదాన్ని. పిచ్చి ముండని.

నెలిదా ఎవరో నాకు తెలుసు. ఉన్ని కత్తిరించే జట్టుతో సముద్రం వైపునుంచి వచ్చి వంట చేసి వెళ్ళే మనిషి. పెద్దగా నవ్వేది. ఫెర్మిన్ ఆమె పేరు నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో ఆ మంగళవారం నాకు అర్థమైంది.

మధ్యాహ్నం చదవలేదు. సాయంత్రం చదువుదాంలే అనుకున్నాను. సాయంత్రం, రేపు చదువుదాంలే అనుకున్నాను. బుధవారం మధ్యాహ్నం దాన్ని అచ్చు తీసిన కాగితం చేతిలో పట్టుకుని పక్కన పెట్టాను. బుధవారం సాయంత్రం అసలు చేతిలోకే తీసుకోలేదు. నాలుగుసార్లు. మరిచిపోయానంటే ఎవరైనా నమ్ముతారు. నేను మరిచిపోలేదు.

ఆ ఏడు చలికాలం దాటాక ఫెర్మిన్ వచ్చాడు, గొర్రె జబ్బ తెచ్చాడు, ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. కుక్క గురించి చెప్పలేదు. "నాకేమైనా సందేశం వచ్చిందా? ఒకవేళ నేను వినకుండా పోయానేమో" అని అడిగాడు.

"రాలేదు" అన్నాను, కళ్ళలోకి చూసి మరీ.

ఆయన మాతే తాగి, థాంక్స్ చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాత కూడా నాలుగేళ్ళు వచ్చాడు గానీ, కూర్చునేది పావుగంటే. ఆపైన మోకాళ్ళు పట్టేసి రావడం మానేశాడు. నేను ఏం ఆశించి ఆ పని చేశానో అది నాకూ దక్కలేదు. దక్కకపోవడమే న్యాయం.

పెట్టె ఊడుస్తున్న ఆ గురువారం యనీనా ఇంటికెళ్ళాక, ఆమె నేర్పినట్టే వెతికే చోట నెలిదా పేరు కొట్టాను. ఉంచాలో తీసెయ్యాలో తేల్చుకుందామని. ఒకటి కాదు, రెండు వచ్చాయి. రెండోది నల్లగా లావు అక్షరాల్లో, తెరవకుండా ఉంది. మొదటిదానికి మూడు వారాల తర్వాతది. అప్పుడే చూశాను దాన్ని. తిట్టి ఉంటుందని భయపడి తెరవలేదు. కొత్తవి వచ్చి పడేకొద్దీ అది కిందికి పోయింది, నేనూ పోనిచ్చాను.

ఇప్పుడు తెరిచాను.

'రేడియో వారికి. నా సందేశం చదివినందుకు కృతజ్ఞతలు. ఆయన రాలేదు. ఇందులో మీ తప్పేం లేదు, మీరు రెండుసార్లూ చదివే ఉంటారు. ఆయనకి ఇష్టం లేదని అర్థమైంది. ఇకమీదట నా తరఫున ఆయనకి ఏమీ చదవొద్దు. మీ గొంతంటే నాకు చాలా ఇష్టం. నెలిదా.'

తిట్టినా బాగుండేది. కృతజ్ఞతలట! తల బల్ల మీద పెట్టుకుని ఏడ్చాను. ముసలిదాన్ని, ఆ కంప్యూటర్ ముందు ముక్కు చీదుకుంటూ చిన్నపిల్లలా ఏడ్చాను. తొమ్మిదేళ్ళు ఒక మనిషి తనని ఎవరూ కోరుకోలేదనుకుంది, ఇంకో మనిషి తనకి ఎవరూ రాయలేదనుకున్నాడు. ఇద్దరి మధ్యా ఉన్నదాన్ని నేను. ఒక్క బటన్ నొక్కితే రెండూ పోతాయి. ముప్పై వేలతో పాటు ఇంకో రెండు. అడిగేవాళ్ళే లేరు. వేలు ఆ బటన్ మీదికి పోయిన మాట నిజం. నెలిదా వద్దంది కదా అని కూడా నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆవిడ వద్దన్నది నేను చదివాననే నమ్మకం మీద.

శుక్రవారం మధ్యాహ్నం మిగతా సందేశాలన్నీ అయ్యాక, యనీనా తలుపు దగ్గర ఉండగానే మైకు దగ్గరికి లాక్కున్నాను. "ఈ సందేశం తొమ్మిదేళ్ళ క్రితం మార్చిలో వచ్చింది. దీన్ని నేను చదవలేదు. మరిచిపోయి కాదు, కావాలనే చదవలేదు. పంపినవాళ్ళ తప్పు గానీ, అందుకోవాల్సినవాళ్ళ తప్పు గానీ ఏమీ లేదు" అని చెప్పి చదివాను. చివరి వాక్యం దగ్గర మాట మింగేశాను. ఏదో గొణిగి పేరు చదివి ఆపేశాను.

యనీనా తలుపు వదిలి లోపలికొచ్చింది. "ఏం చేశారు దోన్యా? ఏం చేశారు మీరు?"

"విన్నావుగా."

ఫోన్ ఆగకుండా మోగింది. రొట్టెల కొట్టావిడ మొదటిది. "ఇంకెవరెవరివి మింగావు ఒతీలియా? మా అన్న పోయిన నెలలో నాకేమీ రాలేదే, అది కూడా నీ కడుపులోనే ఉందా?" అంది. లేదని ఒట్టు పెట్టాను. నా ఒట్టు ఎవరిక్కావాలి! వీధిలో ఇద్దరు పలకరింపు మానేశారు. యనీనా సాయంత్రం నా దగ్గరికొచ్చి, "రెండోసారి వద్దు. మున్సిపాలిటీ నుంచి ఇప్పటికే అడుగుతున్నారు. కాస్త చల్లారనివ్వండి" అంది. అలాగే అన్నాను. నిజం చెప్పాలంటే, వద్దన్నందుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

నెలిదా పాత ఈమెయిల్ చిరునామాకి ఉత్తరం రాశాను. నాలుగు లైన్లు రాయడానికి గంట పట్టింది. పంపిన నిమిషంలో తిరిగొచ్చింది. అవతలివారి పెట్టె నిండిపోయింది, కొత్తవి తీసుకోలేదు అని.

"ఆవిడా శుభ్రం చేసుకోలేదన్నమాట," అంది యనీనా మెల్లగా. నవ్వించాలని అన్నదే, ఇద్దరికీ నవ్వు రాలేదు. నెలిదా ఎన్నాళ్ళుగా తన పెట్టె తెరవలేదో, అసలు బతికుందో లేదో. ఆ తర్వాత రోజుకోసారి పంపుతూనే ఉన్నాను, రోజుకోసారి తిరిగొస్తూనే ఉంది.

గడువు దాటినా తర్వాతి వారమంతా పెట్టె శుభ్రం చేశాను. ఇక దేనికీ వెనకాడలేదు. గాల్వాన్ వాళ్ళ అమ్మ, రమోనా, పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, అందరినీ సాగనంపాను. యనీనా చేసిచ్చిన 'ముఖ్యమైనవి' అనే ఫోల్డర్లో చివరికి రెండే మిగిలాయి. మైకు ముందు నా పని నేను చేసుకుపోయాను, మూలనున్న ఆ కుర్చీవైపు మాత్రం చూడలేదు. ట్రెస్ పియెద్రాస్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆయన విన్నాడో, ఆ పూట రేడియోలో బ్యాటరీ ఉందో లేదో కూడా తెలీదు.

ఆ వారం శనివారం నాలుగింటికి లారీ డ్రైవర్ కాచో లోపలికొచ్చాడు, టోపీ దులుపుకుంటూ. మామూలుగా అయితే వస్తూనే నన్ను ఏడిపించేవాడు. ఆ రోజు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఒతీలియక్కా, నీకు."

"నాకా? ఎవరికి చదవాలి?"

"ఎవరికీ చదవక్కర్లేదు. నీకే. ట్రెస్ పియెద్రాస్ ముసలాయన గేటు దాకా వచ్చి, కర్ర పట్టుకుని నిలబడి ఇచ్చాడు. తిట్లుంటే నేను వెళ్ళాక చదువుకో." కాగితం బల్ల మీద పెట్టి, అడుగు వేసి ఆగాడు. "మనిషి బానే ఉన్నాడులే. బ్యాటరీలు తెమ్మన్నాడు, ఎక్కువే తెమ్మన్నాడు."

మాతే ఆకు ప్యాకెట్ చింపి, దాని లోపలివైపు పెన్సిల్‌తో రాసిన కాగితం అది. నా పేరు మీద వచ్చిన మొదటి సందేశం.

'దోన్యా ఒతీలియాకి. శుక్రవారం మధ్యాహ్నం విన్నాను. తొమ్మిదేళ్ళనాటి ఆ గురువారం నేను గేటు పైనున్న గుట్ట మీదే ఉన్నాను, తప్పిపోయిన గొర్రెల కోసం. కింద ఒక ఆడమనిషి పెట్టె మీద కూర్చుని ఉంది. నీలం కోటు. అంత దూరంనుంచి ముఖం తెలీలేదు. రేడియో నాకేం చెప్పలేదు కాబట్టి నా కోసం కాదనుకున్నాను. పక్క మకాం వాళ్ళ చుట్టమేమో, వాళ్ళు రావడం మరిచిపోయారేమో అనుకున్నాను. పాపం, ఇంత గాలిలో కూర్చోబెట్టిన ఆ బుద్ధిలేనివాడెవడో అని తిట్టుకున్నాను కూడా. దిగివెళ్ళి నీళ్ళయినా ఇద్దామనుకున్నాను. మనకెందుకులే, పరాయివాళ్ళ ఆడమనిషి అని ఊరుకున్నాను. రెండింటికి తిరుగు బస్సు ఎక్కి వెళ్ళింది.

మీ మీద కోపంగా ఉంది. చాలా ఉంది. పోతుందో లేదో చెప్పలేను.

చివరి వాక్యం సరిగ్గా వినబడలేదు. గాలి అనుకుంటా. సాయంత్రం మళ్ళీ చదువుతారని కూర్చున్నాను, మీరు చదవలేదు. మర్నాడు కూడా కూర్చున్నాను. ప్రతి సందేశం రెండుసార్లు చదవాలి కదా. ఫెర్మిన్.'

గాలి కాదు. ఆ మాట మింగింది నేను.

కాగితం యనీనా చేతికిచ్చాను. ఆమె నిలబడే చదివింది. చదివి, కళ్ళు తుడుచుకుని, "చదవండి," అంది. "మున్సిపాలిటీ వాళ్ళతో నేను మాట్లాడుకుంటాను."

ఏడింటికి ఫోల్డర్ తెరిచి నెలిదా మొదటి సందేశం ముందు పెట్టుకున్నాను. బయట గాలి రేకుల్ని ఊపేస్తోంది. మంచినీళ్ళు తాగి, మిగతా అన్ని సందేశాలకంటే ముందు దాన్నే మొదలుపెట్టాను. తొందరపడలేదు.

"ట్రెస్ పియెద్రాస్ మకాంలోని దోన్ ఫెర్మిన్‌కి. గురువారం పదకొండింటి బస్సులో వస్తున్నాను. రోడ్డు గేటు దగ్గర ఉండండి. ఇంకో గుర్రాన్ని కూడా తీసుకురండి. తిరుగు టికెట్ తీసుకోలేదు. నెలిదా."

రెండుసార్లే రూలు. కానీ గాలి తగ్గలేదు, ఆయనకి వినబడిందో లేదో నాకు తెలీదు. అందుకని చివరి వాక్యం ఇంకోసారి చదివాను.